రెండో గడి

ఆ అడవి ఆఫీసులో ఆయన్ని అందరూ శాతం గారనేవారు. "ఏమండీ, బాగున్నారా?" అని పలకరిస్తే "ఎనభై శాతం" అనో, జలుబు చేసిన రోజున "అరవై" అనో జవాబు చెప్పే మనిషికి అంతకంటే మంచి పేరు దొరకదు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగమే అది. చెట్టు ముందు నిలబడి, తలెత్తి, దాని తలలో ఎంత భాగం ఎండిపోయిందో చూసి శాతంలో చెప్పాలి. ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది వినడానికి. అలా అనిపించినవాళ్ళు వరసగా రెండొందల నాలుగు చెట్ల కింద మెడ పైకెత్తి నిలబడి చూడాలి. మెడ ఉందో లేదో సాయంత్రం తడిమి చూసుకోవాల్సి వస్తుంది.

కొస ఎండు తెగులు పట్టిన చెట్టు పైనించి చస్తుంది. ముందు చిటారు కొమ్మలు ఆకు రాలుస్తాయి. మరుసటేడు వాటి కింది కొమ్మలు. అలా ఏడాదికింత చొప్పున ఎండు కిందికి దిగుతూ ఉంటే, చెట్టు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంటుంది. దాని లెక్క చూడటానికి అడవిలో పదిహేడు చోట్ల పన్నెండేసి చెట్లకి రేకు బిళ్ళలు కొట్టి నంబర్లు వేశారు. వాటిని ప్లాట్లంటారు. అమ్ముకునే ప్లాట్లనుకుని ధర అడిగిన మహానుభావులు కూడా ఉన్నారు.

ఆ పని ఒక్కడు చేసేది కాదు. చెట్టుకి ఇటు ఒకడు, అటు ఒకడు నిలబడాలి. ఇటునుంచి నిండుగా ఉన్న చెట్టు అటునుంచి బోసిగా ఉండొచ్చు. పైగా మనిషి కళ్ళు మనిషి కళ్ళే, ఆకలి మీదున్నవాడికి చెట్టు ఒకలా కనిపిస్తుంది, తిన్నవాడికి ఇంకోలా కనిపిస్తుంది. అందుకని ఒకరి అంకె ఒకరు వినకుండా, మూడు లెక్కపెట్టి ఇద్దరూ ఒకేసారి పైకి చెప్పాలి. కాగితం మీద ఒక్కో చెట్టుకీ రెండు గళ్ళు. మొదటి గడి శాతం గారిది, రెండో గడి బావది.

బావ ఆయనకి బావ కాడు. చుట్టరికం వీసమెత్తు లేదు. ఉద్యోగంలో చేరిన రోజున జీపులో పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నప్పుడు "కాస్త జరుగు బావా" అని ఒకడంటే, "నువ్వే జరుగు బావా" అని రెండోవాడన్నాడు. అంతే, ఇరవై రెండేళ్ళు ఒకరికొకరు బావలే. ఎవరు ఎవరి అక్కని చేసుకున్నారో తేలక కొత్తగా వచ్చిన గుమాస్తాలు బుర్ర గోక్కునేవాళ్ళు. అసలు శాతం గారు ఎవర్నీ చేసుకోనే లేదు.

బావ ఎప్పుడూ ఐదు తక్కువ చెప్పేవాడు. ఈయన ముప్పై అంటే ఆయన ఇరవై ఐదు, ఈయన పదిహేను అంటే ఆయన పది. ప్రతి చెట్టూ ఆయనకి ఇంకాస్త బతికే ఉన్నట్టు కనిపించేది.

"నీ తలకి ఎంతెయ్యమంటావ్ బావా?" అని ఒకసారి శాతం గారు ఆయన బట్టతలకేసి దుర్భిణి పెట్టాడు. "నా లెక్కన ఎనభై."

"డెబ్భై ఐదు. చెవుల పక్కన చూడు, ఇంకా చిగురుంది."

అప్పట్లో అడవి పచ్చగా ఉండేది. చాలా చెట్లకి ఇద్దరి గళ్ళలోనూ సున్నాలే పడేవి. "సున్నా దగ్గర మనకి పేచీ లేదు బావా" అనేవాడు బావ, ప్రతిసారీ అదేదో కొత్తగా కనిపెట్టినట్టు.

ఇంకో పిచ్చి ఉండేది బావకి. ఒక ప్లాటు నించి ఇంకో ప్లాటుకి అడుగు పెట్టబోయే ముందు బూట్లు కడగాల్సిందే. రూల్సు పుస్తకంలో ఎక్కడో వెనక పేజీలో ఉన్న మాట అది, ఆఫీసు మొత్తం మీద చదివినవాడు ఆయనొక్కడే. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో మందు నీళ్ళు, ఒక గట్టి బ్రష్షు భుజాన వేసుకుని అడవంతా మోసేవాడు.

"అత్తారింటికెళ్తున్నావా బావా? గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటున్నావ్" అని శాతం గారు ఎగతాళి చేసేవాడు.

"నీ కాలు కూడా ఇలా పెట్టు. నువ్వు కడుక్కుంటే మడమ వదిలేస్తావ్."

అలా రెండు జతలూ ఆయనే రుద్దేవాడు. ఒక ఎండపూట దాహమేసి శాతం గారు ఆ డబ్బా మూత తియ్యబోతే లాక్కుని, మర్నాడు దాని మీద లావు అక్షరాలతో రాసి తెచ్చాడు: "బావా, ఇది తాగేది కాదు."

నాలుగేళ్ళ కిందట, లెక్కల ఆఖరి రోజున, వాగు దాటి పదిహేడో ప్లాటులోకి వెళ్ళారు. ఒడ్డున ఎప్పట్లాగే రెండు జతల బూట్లూ కడిగింది బావే. ఎనిమిది చెట్లు అయ్యాయి. తొమ్మిదో చెట్టు కొంచెం వాగు వైపుకి వంగి ఉంటుంది. దాని మొదట్లో బావ చెయ్యి ఆనించి, "కాస్త కూర్చుంటా బావా, నువ్వు చెప్పు" అన్నాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి శాతం గారు "సున్నా" అన్నాడు. అటునుంచి అంకె రాలేదు. పరుగెత్తుకెళ్ళి మనుషుల్ని తీసుకురావడానికి రెండున్నర గంటలు పట్టింది. అప్పటికి చేసేదేమీ మిగల్లేదు.

బావ ఇంటి దగ్గర జనమంతా ఎవరి వరసన వాళ్ళు ఏడ్చారు. శాతం గారు గేటు పక్కన నిలబడ్డాడు. "మీరు ఏమవుతారు?" అని ఎవరో పెద్దాయన అడిగితే, "కలిసి పనిచేసేవాళ్ళం" అన్నాడు. అంతకంటే చెప్పడానికి మాట లేదు. ఉన్న ఒక్క మాటా జీపులో పుట్టింది, ఆ ఇంట్లో చెల్లదు.

బావ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. మరుసటేడు శాతం గారు ఒక్కడే బయల్దేరాడు. చెట్టుకి ఇటునుంచి చూసి ఒక అంకె వేశాడు. రెండో గడి వదిలేశాడు. వారం తిరక్కుండా కాగితాలు వెనక్కొచ్చాయి, "రెండో గడి ఖాళీగా ఉన్నందున తిప్పి పంపడమైనది" అని. పై ఆఫీసులో అడిగితే, ఫారం అలా ఉంది, ఫారం మార్చడం మన చేతిలో లేదన్నారు. సరేనని ఆయన రెండో గడిలో ఐదు తక్కువ వేశాడు. ఆ కాగితాలు వెనక్కి రాలేదు. నిజం చెప్పాలంటే ఆ గళ్ళు నింపుతున్నప్పుడు ఆయనకి బాగుంది. నలభై అని వేసి, బావ అయితే ముప్పై ఐదంటాడని పైకే అనేవాడు. అడవిలో వినేవాళ్ళెవరున్నారు కనక.

ఒక్కడి వీపు ఒక్కడి వీపే. పలక, టేపు, దుర్భిణి, మంచినీళ్ళు, అన్నం క్యారేజీ అన్నీ తనే మొయ్యాలి. డబ్బా మంచం కిందికి పోయింది. బరువని తనకి తను చెప్పుకున్నాడు గానీ, అసలు సంగతి అది కాదు. ఒంటరిగా కూర్చుని తన బూట్లు తను రుద్దుకోవడం ఆయనకి చేతకాలేదు.

పదిహేడో ప్లాటుకి కూడా వెళ్ళలేకపోయాడు. వాగు దాకా వెళ్ళాడు, ఒడ్డున పది నిమిషాలు తల వంచుకుని నిలబడ్డాడు, తిరిగొచ్చేశాడు. క్వార్టర్సులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పదహారో ప్లాటు అంకెలకి కాస్త అటూ ఇటూగా పన్నెండు చెట్లకీ వేసేశాడు. ఒక్క ఏడాదికే అనుకున్నాడు. తప్పు ఎప్పుడూ ఒక్క ఏడాదికే అంటుంది. పదహారు ఎండుతున్న కొద్దీ పదిహేడూ కాగితం మీద ఎండాలి కదా, లేకపోతే అనుమానమొస్తుంది. అలా పది శాతం, పాతిక, నలభై, ఈ ఏడు అరవై. వాగవతల ఉన్న పన్నెండు చెట్లనీ ఆయన బల్ల దగ్గర కూర్చుని, గీతలు పోకుండా చక్కటి దస్తూరీతో చంపుకుంటూ వచ్చాడు.

మిగతా పదహారూ మాత్రం నిజంగానే ఎండుతున్నాయి. సరిగ్గా బావ పోయాకే మొదలైంది. శాతం గారు ఎవరితోనూ అనలేదు గానీ, అడవికీ తెలిసిందనుకున్నాడు. ఇరవై రెండేళ్ళు తమ తలలకేసి చూసిన మనిషి రాకపోతే చెట్లకి మాత్రం బెంగ ఉండదా అనుకున్నాడు. పిచ్చి ఊహే. ఆ ఊహ పట్టుకునే నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు. తనలాగే బాధపడేవాళ్ళు ఇంకెవరో ఉన్నారని ఉండేది.

అలాంటి సమయంలో వేర్ల డాక్టరమ్మ వచ్చింది. చెట్ల వేర్లకొచ్చే తెగుళ్ళు చూసే మనిషి, ముప్పై దాటి ఉండవు. రెండు రోజులు ఉండి, కొన్ని ప్లాట్లలో మట్టి తీసుకుని వెళ్ళాలి. దారి చూపించే పని శాతం గారి మీద పడింది. మొదటి పూటే ఆమె ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచింది. ఆ పిలుపుకి ఆయన ఒక క్షణం వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఒకటో ప్లాటు గట్టు మీద ఆమె సంచిలోంచి డబ్బా తీసింది, బ్రష్షు తీసింది, రాయి మీద కూర్చుని బూట్లు రుద్దడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళ తర్వాత ఆ చప్పుడు. దారి చూపడం వరకే పని కాబట్టి శాతం గారు గట్టు దిగలేదు, అవతలికి తిరిగి ఎండిన చెట్లని లెక్కపెట్టాడు, పన్నెండూ ఉన్నాయో లేదోనని.

తొమ్మిదో ప్లాటు గట్టు మీద భోజనాలయ్యాక ఆమె మోకాళ్ళ మీద పటం పరిచింది. ఏడాదికో రంగు వేసి, తెగులు ఎక్కడెక్కడికి పోయిందో గీసింది.

"చూడండి బాబాయ్ గారూ. ఇది మట్టిలో ఉండే తెగులు. అడుగున వేరు కుళ్ళుతుంది, నీళ్ళందక పైన కొస ఎండుతుంది. లారీల దారి పక్కనున్న ఒకటో ప్లాటులో మొదలైంది. అక్కణ్ణించి వాననీళ్ళతో కిందికి పోవాలి. ఇది కొండెక్కింది."

"అడవి పందులుంటాయమ్మా. బురదలో పొర్లుతాయి, ఎక్కడికైనా పోతాయి."

"పందులు వరస నంబర్లు చూసుకుని నడవవు కదండీ. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఏ ప్లాటూ తప్పలేదు. ఎవరి కాళ్ళకో అంటుకుని వెళ్ళింది. చెంచాడు బురద చాలు." ఆమె పటం మడుస్తూ మామూలుగా అడిగింది. "లెక్కలకి వచ్చినప్పుడు మీరు బూట్లు కడుగుతారు కదా?"

"కడుగుతాం" అన్నాడు శాతం గారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి తనకి తెలీకుండానే బూటు మీదికి పోయింది.

పదహారో ప్లాటులో మట్టి తీయడం అయ్యేసరికి రెండో రోజు పొద్దు వాలుతోంది. అక్కణ్ణించి వాగు అరగంట నడక. "పదిహేడు కూడా చూడాలా?" అంది ఆమె, గడియారం చూసుకుంటూ. "మీ లెక్కల్లో అరవై శాతం ఉంది."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. దొరికినా ఆయన పట్టుకోలేదు. "అక్కర్లేదమ్మా. అదీ అంతే" అన్నాడు.

మర్నాడు శుక్రవారం, ఆఫీసరు గదిలో మీటింగు పెట్టారు. ఆఫీసరు మంచివాడే, కాగితం మీద ఉన్నది లోకంలో కూడా ఉంటుందని గట్టిగా నమ్మే మనిషి. తెగులు ఎంతమేర పాకిందో అంతమేరా చెట్లు కొట్టేసి, చుట్టూ ఖాళీ పట్టీ వదలాలని నిర్ణయించారు. వాగవతల కూడా పట్టింది కాబట్టి ఆ కొండవాలు మొత్తం పోతుంది, మూడు వేల చెట్లు. కొండ వెనక రోడ్డు బాగుంది కాబట్టి సోమవారం యంత్రాలు అటునించే మొదలుపెడతాయి. ముందు పదిహేడు, తర్వాత మిగతావి.

"మీ లెక్కలు లేకపోతే మనకి ఇంత స్పష్టంగా తెలిసేది కాదండీ" అని ఆఫీసరు శాతం గారి భుజం తట్టాడు. ఆయనకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

శనివారం తెల్లవారగానే ఆయన బయల్దేరాడు. పదిహేడు నిజంగానే ఎండిపోయి ఉంటే ఏ గొడవా లేదు, తను ఊహించి వేసిన అంకే నిజమవుతుంది. అలా అయితే బాగుండునని దారి పొడుగునా కోరుకున్నాడు. చెట్లు చచ్చి ఉండాలని కోరుకుంటూ అడవిలో నడిచిన రోజు ఇరవై ఆరేళ్ళలో అదొక్కటే. తన మీద తనకే అసహ్యమేసింది. అయినా కోరుకున్నాడు.

పదహారు ప్లాట్ల మీదుగా దారి. ఆకులు లేక ఎండ నేరుగా నేల మీద పడుతోంది. వాగు దగ్గర చివరి మలుపు తిరగ్గానే చల్లగాలి తగిలి తలెత్తాడు.

అవతలి ఒడ్డు పచ్చగా ఉంది.

దుర్భిణి తీశాడు. కదలకుండా రాతికి ఆనించుకున్నాడు. ఒకటో నంబరు, రెండు, మూడు... చిటారు దాకా ఆకే. తొమ్మిదోది వాగు వైపుకి అలాగే వంగి ఉంది, తల నిండుగా ఉంది. దాని మొదట్లో ఏముంటుందో చూడటానికి భయపడే ఆయన నాలుగేళ్ళు వాగు దాటలేదు. ఇప్పుడు చూశాడు. రాలిన ఆకు ఉంది. ఇంకేమీ లేదు.

సంతోషంతో వాగులోకి ఒక అడుగు వేసేశాడు. వెళ్ళాలి, ఆ చెట్టు మీద చెయ్యి వెయ్యాలి, నాలుగేళ్ళు రానందుకు ఏదో ఒకటి చెప్పుకోవాలి. రెండో అడుగు వెయ్యబోతూ కిందికి చూశాడు. నీళ్ళలో బూటు చుట్టూ ఎర్రగా బురద విడుతోంది. పదహారు ప్లాట్ల బురద.

పందులు వరస నంబర్లు చూసుకుని నడవవు. ఏడాదికోసారి ఒకటో ప్లాటులో మొదలుపెట్టి, ఏదీ తప్పకుండా పదహారు దాకా నడిచేవాడు ఈ అడవిలో ఒక్కడే. ప్రతి చెట్టు దగ్గరికీ వెళ్ళి, చుట్టూ తిరిగి, మొదట్లో నిలబడి, ఎంత ఎండిందో శ్రద్ధగా రాసుకున్నవాడు. తను వెళ్ళిన పదహారు చోట్లా చావు. బద్ధకించో, భయపడో, తను వెళ్ళని ఒక్క చోట చెట్లు బతికాయి. కంచే చేను మేసిందంటారు. ఆ కంచె కనీసం ఆకలేసి మేసి ఉంటుంది.

కాలు వెనక్కి తీసుకుని ఒడ్డున కూలబడ్డాడు. అడవి బావ కోసం బెంగపెట్టుకోలేదు. అడవికి బావ పోయినట్టు తెలీనే తెలీదు. రుద్దాల్సిన బురద రుద్దే మనిషి లేకపోయాడు, అంతే. నాలుగేళ్ళుగా తోడున్నదనుకున్న బాధ కూడా తనొక్కడిదేనని తెలిసి శాతం గారు బావురుమన్నాడు. వాగు ఇవతల అంతా ఎండు, ఒక పిట్ట కూడా లేదు. ఎవరూ వినలేదు కాబట్టి చాలాసేపు ఏడ్చాడు.

మధ్యాహ్నం ఆఫీసులో ఆఫీసరు ఉన్నాడు. డాక్టరమ్మ సాయంత్రం బస్సుకి సామాను సర్దుకుని, మట్టి పొట్లాలకి చీటీలు అంటిస్తోంది. శాతం గారు కూర్చోమన్నా కూర్చోలేదు.

"పదిహేడుకి నేను వెళ్ళలేదు సర్. ఆ అంకెలు ఇంట్లో కూర్చుని వేశాను."

"ఈ ఏడా?"

"నాలుగేళ్ళూ."

ఆఫీసరు కాగితాలు ముందుకి లాక్కున్నాడు. "ఇక్కడ రెండో గడి కూడా నిండి ఉందే?"

"అదీ నేనే. అన్ని ప్లాట్లకీ నేనే. నా అంకెలోంచి ఐదు తీసేసి వేశాను."

"పోయిన మనిషి పేరు మీద నాలుగేళ్ళు లెక్కలు పంపించారా? ఇప్పుడు పైవాళ్ళకి నేనేం చెప్పాలి?"

"చెట్లు బతికున్నాయని చెప్పండి సర్."

ఆఫీసరు కాగితాలు మూసి పక్కన పెట్టాడు. శాతం గారు డాక్టరమ్మ వైపు తిరిగాడు. అసలు కష్టమైన మాట ఇంకా లోపలే ఉంది.

"బూట్లు కడుగుతామని మీకు చెప్పాను. బావ ఉన్నప్పటి మాట అది. ఆయన పోయాక నేను కడగలేదు. ఆ పటంలో వరసగా నడిచింది నేనేనమ్మా."

ఆమె చేతిలో చీటీ చేతిలోనే ఉండిపోయింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. "మొన్న అడిగినప్పుడే చెప్పొచ్చు కదా బాబాయ్ గారూ" అంది మెల్లగా. ఆమె ఆ సాయంత్రం బస్సెక్కలేదు.

సోమవారం యంత్రాలు రాలేదు. మంగళవారం శాతం గారి చేతికి ఒక కాగితం వచ్చింది. విచారణ తేలేవరకు ఆఫీసు పని మాత్రమే చెయ్యాలి, అడవిలోకి వెళ్ళకూడదు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఇందులో తప్పేమీ లేదనుకున్నాడు. తోటివాళ్ళు "ఏమండీ, బాగున్నారా?" అని అడగటం మానేశారు. అడిగితే ఆయన ఎంత చెబుతాడోనని వాళ్ళ భయం.

కొండవాలుని వదిలెయ్యాలంటే మాత్రం పదిహేడుకి కొత్త లెక్క కావాలి. లెక్కకి ఇద్దరు కావాలి. చూసి శాతం చెప్పగలిగేవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకెవరూ లేరు. డాక్టరమ్మే దారి చెప్పింది. "ఒకరు ఇటు, ఒకరు అటు అనే కదా రూలు? నేను అవతల నిలబడతాను. ఆయన వాగు ఇవతల రాతి మీద నిలబడతారు. పన్నెండూ అక్కడికి కనిపిస్తాయి." ఆఫీసరు చాలాసేపు గొణిగి, "వాగు దాటకూడదు" అని కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసి ఇచ్చాడు.

వెళ్ళే రోజు శాతం గారు మంచం కింద చెయ్యి పెట్టి డబ్బా లాగాడు. మందు నీళ్ళు ఎప్పుడో ఆవిరైపోయాయి. బ్రష్షు కర్రలా బిగుసుకుపోయింది. బావ రాసిన అక్షరాల మీద దుమ్ము పట్టింది. తుడిచి, కొత్త మందు కలిపి, భుజాన వేసుకున్నాడు. బరువు పెద్దగా లేదు. ఆ సంగతి ఆయనకి అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది.

వాగు ఒడ్డున ఆమె తన బ్రష్షు తీయబోతే, "ఇలా పెట్టండి కాలు" అన్నాడు. ఆమె మొహమాటపడి, చివరికి పెట్టింది. ఆయన రాయి పక్కన గొంతుక్కూర్చుని అడుగు రుద్దాడు, గాడి గాడినీ పుల్లతో గీకాడు, మడమ దగ్గర రెండుసార్లు రుద్దాడు. ఆమె డబ్బా మీది అక్షరాలు చదివింది. రెండో బూటు కూడా అయ్యాక రాళ్ళ మీదుగా అవతలికి దాటింది.

చెట్టు నంబరు ఆమె గట్టిగా చెప్పేది. మూడు లెక్కపెట్టి ఇద్దరూ ఒకేసారి అరిచేవాళ్ళు. ఒకటో చెట్టు సున్నా, సున్నా. రెండోది ఆమెకి ఐదు, ఆయనకి సున్నా. ఆయన రెండు అంకెలూ ఉన్నవి ఉన్నట్టు వేశాడు. ఎనిమిది అయ్యాయి.

"తొమ్మిది. ఒకటి, రెండు, మూడు..."

"సున్నా" అన్నాడు శాతం గారు. అటునించి కూడా వినిపించింది, సున్నా. ఆయన దుర్భిణి దించలేదు.

ఆమె కాసేపు చూసి, చెట్ల మధ్యనించి ఒడ్డు దాకా వచ్చింది. ఇక్కడేం జరిగిందో ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు. "బాబాయ్ గారూ, బూట్లు శుభ్రంగా కడుక్కుంటే ఏం కాదు. నేనెవరికీ చెప్పను. ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి."

వాగు వెడల్పు పది అడుగులుండదు. శాతం గారు అవతలున్న చెట్టుని చూశాడు, పక్కనున్న డబ్బాని చూశాడు, తన బూట్లకేసి చూసుకున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు. "నేను మడమ వదిలేస్తాను."

మొదటి గడిలో ఆమె సున్నా వేశాడు. రెండో గడిలో తన సున్నా వేశాడు. తర్వాత పదో నంబరు ఏదని అడిగాడు.